సింహం కడుపులో గాడిద

ప్రాంతీయ మండలి భవనం మీద పొద్దున జెండా ఎగిరిన కాసేపటికి, దాని మీద కుట్టిన గాడిద కిందికి దిగేది. ముందుకాళ్ళు పిట్టగోడ మీద ఆనించి, వీపు మీది ఉప్పు మూటలు జారకుండా ఒళ్ళు ఒకసారి విదుల్చుకుని, మెట్ల మీదుగా చౌరస్తాలోకి వచ్చేది. రొట్టెల దుకాణం ముందు కాస్త ఆగి వాసన చూసేది. ఆ తర్వాత కూరగాయలమ్మి దగ్గరికి వెళ్ళి, ఆవిడ ఏరి పక్కన పడేసిన క్యాబేజీ ఆకుల్లో మూతి పెట్టేది.

"తయారైపోయావా? మండలి జంతువుకి మండలి కదా మేత వెయ్యాలి, మధ్యలో నాకెందుకు ఈ గోల!" అని ఆవిడ రోజూ తిట్టేది. తిడుతూనే ఇంకో గుప్పెడు ఆకులు వేసేది.

గాడిద దిగిపోయాక జెండా మీద మిగిలేవి పైన తెలుపు, కింద ఆకుపచ్చ, మధ్యలో నీలం డాలు, ఆ డాలులో ఒక బోడికొండ. పగటిపూట వచ్చి ఫోటోలు తీసుకుపోయే బయటివాళ్ళు ఈ ప్రాంతపు చిహ్నం కొండే కాబోలు అనుకునేవాళ్ళు. సాయంత్రం జెండా దింపే వేళకి గాడిద తిరిగొచ్చి తన చోట తను నిలబడేది. మండలి ఉద్యోగుల్లో అంత ఠంచనుగా వచ్చిపోయేది అదొక్కటే.

తెలుపు అంటే మంచు, ఆకుపచ్చ అంటే లోయ, నీలం అంటే ఆకాశం, గాడిద అంటే ఓర్పు అని బళ్ళో పిల్లలకి నేర్పేవాళ్ళు. కొండదారి కూలిపోయిన ఏడు, తోలేవాడు భయపడి సగం దారిలో వెనక్కి తిరిగితే, గాడిద ఒక్కటే మంచులో దారి వెతుక్కుంటూ ఈ లోయకి ఉప్పు మోసుకొచ్చిందట. అందుకే ఇక్కడ గాడిద అనేది తిట్టు కాదు. పిల్ల పరీక్ష పాసైతే తల్లి "నా గాడిదే!" అని దగ్గరికి లాక్కుని ముద్దుపెట్టుకుంటుంది. బయట్నుంచి కొత్తగా వచ్చిన లెక్కల మాస్టారొకాయన, లెక్క తప్పు చేసిన కుర్రాణ్ణి "గాడిదా!" అని కసిరితే, మర్నాడు వాళ్ళ నాన్న పళ్ళెంలో పళ్ళు పెట్టుకుని మాస్టారికి కృతజ్ఞతలు చెప్పుకోవడానికి వచ్చాడు.

ఈ జెండాలు కుట్టేది సూదమ్మ. అసలు పేరు ఏదో ఉంది గానీ, జీతం పుచ్చుకునే రోజు తప్ప ఎవరికీ అవసరం పడలేదు. మండలి భవనం వెనకాల, పెద్ద కిటికీలున్న పొడుగాటి గదిలో ఆమె పని. గదికి ఆ చివర రంగుల తాత గుడ్డలకి రంగులు అద్దుతుంటాడు. ఈ చివర సూదమ్మ బిగించిన చట్రం మీద ఒంగి కుడుతుంటుంది. ఇద్దరూ పొద్దస్తమానం మాట్లాడుకుంటూనే ఉంటారు. ఒకరి మొహం ఒకరు చూసుకునేది మాత్రం టీ తాగేటప్పుడే.

ఆ పనికి రెండు కట్టుబాట్లున్నాయి. ఒకటి, కన్ను చివర్న కుట్టాలి. ముందు కాళ్ళు, తర్వాత మూటలు, తర్వాత చెవులు, అన్నీ అయ్యాకే కన్ను. కన్ను పడిందంటే గాడిద లోకం చూస్తుంది, ఇక చెప్పిన మాట వినదు. సూదమ్మకి పని నేర్పిన గురువుగారు ఒకసారి వెలుతురు బాగుంది కదా అని కన్ను ముందు కుట్టేశారు. ఇంకా బోలెడు పని మిగిలి ఉండటం చూసి గాడిద కాళ్ళు మడిచి పడుకుంది. ఎంత బతిమాలినా లేవలేదు. ఆయన మిగతాదంతా పడుకున్న గాడిదగానే కుట్టి పూర్తి చేశారు. ఆ జెండాని అగ్నిమాపక కేంద్రం వాళ్ళు అడిగి మరీ పట్టుకెళ్ళారు. గంట మోగేదాకా తమ పనీ అదే కదా అన్నారు.

రెండోది కడుపు సంగతి. గాడిద ఉబ్బెత్తుగా కనపడాలంటే కుట్టు కింద ఏదో ఒకటి కూరాలి. కొత్త దూది కూరరు. గాలికీ వానకీ చిరిగిపోయిన పాత జెండాలోని గాడిదని పోగు పోగుగా విప్పి, ఆ దారాలని ఒక గంపలో వేసి ఉంచుతారు. కొత్త గాడిద కడుపులో పెట్టేది ఆ దారాలే. అందుకే కొత్త గాడిదకి ఎవరూ దారి చూపించక్కర్లేదు. మొదటిరోజే మెట్లు దిగి, రొట్టెల దుకాణం ముందు ఆగి, కూరగాయలమ్మి చేత తిట్లు తిని, మధ్యాహ్నం గంట కొట్టే వేళకి దిగువ వీధి చివర నీలం గేటు ముందు నిలబడేది.

ఆ నీలం గేటు ఇల్లు సూదమ్మ అన్నయ్యది.

అన్నయ్య ఒకప్పుడు మండలిలో జెండా ఎగరేసే ఉద్యోగి. ఊరంతా ఆయన్ని జెండాయన అనేది. ఒక గాలిరోజున తాడు పైన ఇరుక్కుంటే నిచ్చెన వేసుకుని ఎక్కాడు, పడ్డాడు. ఎముకలు అతుక్కున్నాయి. నడవచ్చు అన్నారు డాక్టర్లు. ఆయన మాత్రం వరండాలో కుర్చీకే అతుక్కుపోయాడు.

"కాళ్ళు బాగానే ఉన్నాయమ్మాయ్. వాటి మీద నాకే నమ్మకం లేదు," అనేవాడు చెల్లెలితో.

ఆయన భార్య, అంటే సూదమ్మ వదిన, మండలి అధ్యక్షురాలు. ఆవిడ ఒక పని పట్టుకుంటే అయ్యేదాకా వదిలే మనిషి కాదు. ఊరికి మంచినీళ్ళ గొట్టాలు వేయించింది, కూలిన వంతెన కట్టించింది. అదే ఊపులో మొగుణ్ణి కూడా నిలబెట్టాలనుకుంది. హాల్లో పట్టుకుని నడవడానికి కమ్మీలు పెట్టించింది. ఆయనకి హుషారు రావాలని చుట్టుపక్కల వాళ్ళని పిలిచి, ఆయన లేచి నిలబడగానే అందరి చేతా చప్పట్లు కొట్టించింది. ఆ చప్పట్లకి ఆయన మోకాళ్ళు వణికాయి. కూలబడ్డాడు. మళ్ళీ ఆవిడ ముందు లేచే ప్రయత్నం చెయ్యలేదు. ఆవిడా ఆశ వదులుకుంది. పొద్దున ఆయన కుర్చీలో ఉండగా వెళ్ళేది, చీకటిపడ్డాక ఆయన కుర్చీలో ఉండగా వచ్చేది.

మధ్యలో జరిగేది ఆవిడకి తెలీదు. ఒక మధ్యాహ్నం గాడిద గేటు ముందు ఆగి ఓండ్ర పెట్టింది. ఇంట్లో ఎవరూ లేరు. ముల్లంగి ఆకులు పళ్ళెంలో ఆయన ఎదురుగా ఉన్నాయి. గాడిద కదల్లేదు. కాసేపు చూసి చూసి, ఆయన గోడ పట్టుకుని లేచాడు. గోడ పట్టుకునే గేటు దాకా వెళ్ళాడు. గేటు మీంచి ఆకులు అందించాడు. ఆ రోజు నుంచి అదే వేళకి గాడిద రావడం, ఆయన లేవడం. గేటు దాటి మాత్రం అడుగు బయట పెట్టేవాడు కాదు.

అన్నయ్యకి భోజనం తీసుకొచ్చే సూదమ్మ ఇది చూసింది. చేతిలో కారియర్ పెట్టుకుని అక్కడే నిలబడి ఏడ్చేసింది.

"వదినకి చెప్పకు. నామీద ఒట్టే," అన్నాడు ఆయన.

"అదేంటన్నయ్యా? ఎంత సంతోషిస్తుంది!"

"సంతోషిస్తే ఊరుకుంటుందా? గేటు దగ్గర వేదిక కట్టించి మైకు పెడుతుంది. అప్పుడు నేను మళ్ళీ కూలబడతాను. ఇది ఇలా ఉండనీ."

సూదమ్మ ఒట్టుకి కట్టుబడింది. దిగువ వీధిలో అందరికీ తెలుసు, అధ్యక్షురాలికీ తెలిసే ఉంటుందిలే అని ఎవరికి వాళ్ళు అనుకున్నారు. ఊళ్ళో సంగతులన్నీ ముందు ఆవిడకే చేరతాయి కదా.

అలాంటి రోజుల్లో ప్రాంతాలన్నిటి సమావేశానికి వెళ్ళొచ్చిన వదిన, తిన్నగా జెండాల గదికి వచ్చింది. మొహం కందగడ్డలా ఉంది. చంకలో చుట్టిన కాగితం ఉంది.

"సూదమ్మా, గాడిదని తీసేస్తున్నాం," అంది.

సూదమ్మ సూది చట్రంలో గుచ్చి తలెత్తింది. గదికి ఆ చివర తాత చెయ్యి రంగు నీళ్ళలోనే ఆగిపోయింది.

"ఏమైంది, అధ్యక్షురాలుగారూ?" అంది సూదమ్మ. ఆఫీసులో అలాగే పిలిచేది.

"ఏమైందా? బల్ల మీద అందరి ముందూ చిన్న చిన్న జెండాలు పెట్టారు. వాళ్ళవన్నీ అచ్చువేసినవి. ఒకళ్ళది గద్ద, ఒకళ్ళది పులి. బుద్ధిగా ఉన్నాయి. నువ్వు కుట్టిచ్చిన మనది, సగం సమావేశంలో దిగి, పక్క ప్రాంతం వాళ్ళ తీర్మానం తినేసింది."

తాత నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. ఆవిడ అటు చూసింది. తాత బకెట్లో ఏదో పోగొట్టుకున్నట్టు వెతకడం మొదలుపెట్టాడు.

"అందరూ కడుపుబ్బ నవ్వారు. 'మీ గాడిదకి మేత వెయ్యరా' అని ఒకాయన. నేను నిధులు అడగాలని వెళ్ళాను సూదమ్మా. నోరు విప్పితే ఒట్టు."

ఆవిడ కాగితం విప్పింది. మంచి బొమ్మే. వెనక కాళ్ళ మీద నిటారుగా నిలబడ్డ సింహం, బంగారు జూలు, బయటికొచ్చిన ఎర్రటి నాలుక, పైకెత్తిన కుడిచేతిలో కత్తి.

"ఎవరు గీశారోగానీ చెయ్యి తిరిగిన మనిషే," అని సూదమ్మ ఒప్పుకుంది. "కానీ ఎందుకిలా నిలబెట్టారు? నడుం నొప్పి పుడుతుంది దానికి."

"నిలబడాలి," అంది వదిన. చుట్టూ చూసి, అక్కడున్న ముక్కాలిపీట మీద కూర్చుంది. "మన ఇంట్లో మనిషి కూర్చునే ఉన్నాడు. పొద్దున చూస్తే కూర్చునే, రాత్రి చూస్తే కూర్చునే. తలెత్తి జెండా చూస్తే అక్కడా తలవంచుకుని మూటలు మోసే జంతువు. నాకు నిలబడేది ఏదైనా ఒకటి చూడాలని ఉంది సూదమ్మా. అంతే."

సూదమ్మకి మాట నాలుక చివరిదాకా వచ్చింది. నీ మొగుడు రోజూ లేస్తున్నాడు వదినా, ఆ తలవంచుకున్న జంతువే లేపుతోంది అని. ఒట్టు గుర్తొచ్చి మింగేసింది.

"నువ్వు కుట్టనంటే పట్నంలో అచ్చు వేయిస్తాను," అని లేచింది వదిన. "కానీ నాకు నీ చేతి సింహమే కావాలి."

అచ్చువేసిన బొమ్మలు దిగవు, జనం మధ్య నిలబడవు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మధ్యాహ్నం కారియర్ తీసుకెళ్ళి సూదమ్మ అన్నయ్యకి అంతా చెప్పింది. ఆయన అప్పుడే గాడిదకి ఆకులు పెట్టి గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. వినగానే గేటు గట్టిగా పట్టుకున్నాడు.

"నా ఒట్టు తీసేయ్ అన్నయ్యా. వదినకి ఒక్క మాట చెబితే ఆగిపోతుంది."

"ఆగిపోతుంది. నిజమే. నాకోసం గాడిదని ఉంచుతుంది. ఆ తర్వాత ప్రతి సమావేశంలోనూ నవ్వులపాలవుతుంది, నా కారణంగానే." ఆయన తల అడ్డంగా ఊపాడు. "వద్దు. ఆవిడ సింహం ఆవిడకి కుట్టివ్వు."

"మరి నువ్వు?"

"నాదేముంది. కుర్చీ ఎక్కడికీ పోదుగా."

ఆ మాటకి సూదమ్మకి ఒళ్ళు మండింది. ఆమెకి దుఃఖమొచ్చినా ముందు కోపంగానే బయటికొస్తుంది. ఖాళీ కారియర్ ఊపుకుంటూ దిగువ వీధంతా ఎక్కి, గదికి వచ్చి, చట్రం మీద కొత్త గుడ్డ బిగించింది.

"కుడుతున్నావా అయితే?" అన్నాడు తాత.

"కుడతాను. ఈ ప్రాంతంలో ఇంతవరకూ ఎవరూ చూడని సింహాన్ని కుడతాను."

కుట్టింది. గోళ్ళకి నల్ల దారం, జూలుకి నాలుగు రకాల పసుపు, కత్తికి వెండి జరీ. కాగితం మీద గీసినది గీసినట్టు, వెంట్రుకవాసి తేడా లేకుండా దింపింది. వదిన మధ్యమధ్యలో వచ్చి చూసి, ఆమె భుజం తట్టి వెళ్ళేది. ఇక కడుపు, కన్ను మిగిలాయి.

తాత చేతులు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చాడు. "అమ్మాయ్, నాకో అనుమానం. గాడిదంటే ఆకులు తింటుంది. రేపు ఈ మహానుభావుడు దిగాక ఏం తింటాడు? చౌరస్తాలో పిల్లలు ఆడుకుంటుంటారు."

సూదమ్మ సూది పక్కన పెట్టింది. బల్ల కింది నుంచి గంప లాగింది. అందులో పాత గాడిదల దారాలు, బూడిదరంగువి, వెలిసిపోయినవి, ఇంకా కాస్త ఉప్పు వాసన వేస్తున్నవి. గుప్పెళ్ళతో తీసి సింహం కడుపులో కూరడం మొదలుపెట్టింది.

తాత నోరు తెరిచాడు. "అధ్యక్షురాలు ఒప్పుకున్నారా?"

"పైన ఏముండాలో కాగితం మీద ఉంది తాతా. లోపల ఏముండాలో ఎవరూ చెప్పలేదు. లోపలి సంగతి ఎప్పుడూ కుట్టేవాళ్ళదే."

ఇంకో గుప్పెడు కూరింది. ఆ తర్వాత కుట్టు మూసి, కిటికీ దగ్గరికి జరిగి, ఆకుపచ్చ దారంతో కన్ను కుట్టింది. సింహం ఆమెని చూసింది. సూదమ్మ దాని మూతి మీద వేలితో రాసి, జెండా మడతపెట్టింది.

కొత్త జెండా ఎగరేసే రోజున చౌరస్తా నిండిపోయింది. పాత జెండా దింపి సూదమ్మ చేతికిచ్చారు. గాడిద కళ్ళు మూసుకుని ఉంది. ఎక్కడికీ పోదులే, దారాలన్నీ గంపలోకి, అక్కడి నుంచి మళ్ళీ ఎవరి కడుపులోకో అని సూదమ్మ మనసులో చెప్పుకుంది. జెండా ఒళ్ళో పెట్టుకుని చివరి వరసలో తాత పక్కన కూర్చుంది.

సింహం ఎగిరింది. ఎండకి జరీ మెరిసింది. జనం ఒక్కసారిగా "ఆహా" అన్నారు. వేదిక మీద వదిన మైకు ముందుకొచ్చింది. వేదిక సరిగ్గా దిగువ వీధికి ఎదురుగా ఉంది.

"ఈ సింహం మన ధైర్యానికి గుర్తు," అని మొదలుపెట్టింది. "ఇది ఎవరికీ తలవంచదు. ఎవరి మూటలూ మొయ్యదు."

సింహం దిగింది. పిట్టగోడ మీద ఒక కాలు, మెట్టు మీద ఒక కాలు, కత్తి మాత్రం పైకెత్తే ఉంది. కుట్టింది అలాగే కదా మరి. జనం పక్కకి జరిగి దారి ఇచ్చారు. అది రెండు కాళ్ళ మీద ఊగుతూ రొట్టెల దుకాణం ముందుకి వెళ్ళి, ఆగి, వాసన చూసింది. అక్కడి నుంచి కూరగాయలమ్మి దగ్గరికి వెళ్ళింది.

కూరగాయలమ్మి దాన్ని కింది నుంచి పైదాకా చూసింది. "ఓహో, ప్రమోషను వచ్చిందా? అయినా నా దగ్గరికే రావాలా?" అంటూ క్యాబేజీ ఆకులు వేసింది. సింహం ముందుకి ఒంగలేక నానా తంటాలు పడుతుంటే, తిట్టుకుంటూనే ఆకులు తనే దాని నోటికి అందించింది.

వదిన అది చూసింది. గొంతు పెంచింది. "రాజసానికి గుర్తు!" అంది.

సూదమ్మ మోచేత్తో తాతని పొడిచింది. ఆమెకి అప్పటిదాకా అంతా తను అనుకున్నట్టే ఉంది. సింహం దిగువ వీధి మొదలుకి చేరింది. అక్కడే వచ్చింది చిక్కు. దిగువ వీధి వాలుగా ఉంటుంది, నాపరాళ్ళు పరిచిన దారి. నాలుగు కాళ్ళున్నదానికి లెక్కే లేదు. రెండు కాళ్ళ మీద కత్తి పట్టుకుని దిగడమంటే మాటలు కాదు. సింహం ఒక అడుగు వేసి ఆగింది. ఇంకో అడుగు వేసి తూలింది.

మధ్యాహ్నం గంట కొట్టారు.

సూదమ్మ లేచింది. ఈ పాటికి అన్నయ్య గోడ పట్టుకుని గేటు దగ్గరికి వచ్చి ఉంటాడు. కాసేపు చూస్తాడు. రాకపోతే వెనక్కి వెళ్ళి కూర్చుంటాడు. ఒకరోజు అలా కూర్చుంటే రెండోరోజు లేవడు, ఆయన సంగతి ఆమెకి తెలుసు. జెండా గుండెకి అదుముకుని వీధి మొదలు దాకా పరుగెత్తింది. సింహం ఇంకా సగం కూడా దిగలేదు. చెయ్యి పట్టుకుని నడిపిద్దామని ఒక అడుగు ముందుకి వేసి, వీధి చివర చూసి ఆగిపోయింది.

నీలం గేటు తెరుచుకుంది. అన్నయ్య తల బయటికొచ్చింది. ఆయన ఒక చేత్తో గేటు, ఒక చేత్తో ఆకులు పట్టుకుని పైకి చూశాడు. సరిగ్గా అప్పుడే సింహం కాలు జారింది. వీధి దీపం స్తంభాన్ని కావలించుకుని, కత్తి గాల్లో ఊపుతూ వేలాడింది.

"ఆగు! ఆగు! కదలకు!" అని అరిచాడు అన్నయ్య. "కదిలావంటే పడతావు! నేను వస్తున్నానుండు!"

గేటు వదిలేశాడు. గడప దాటాడు. పడటమంటే ఏమిటో తెలిసిన మనిషి, ఇంకొకరు పడబోతుంటే తన కాళ్ళ సంగతి ఆలోచించలేదు. పక్కింటి గోడ పట్టుకుని, దాని పక్కింటి గోడ పట్టుకుని, వాలు ఎక్కుకుంటూ వచ్చాడు. సూదమ్మ ఉన్నచోటే నిలబడింది. సాయం వెళ్ళలేదు. వెళితే ఆయనకి తన కాళ్ళు గుర్తొస్తాయని ఆమె భయం.

స్తంభం దగ్గరికి చేరి ఆయన సింహం మొహంలోకి చూశాడు. అదీ ఆయన్ని చూసింది. ఆయన మొహమంతా నవ్వయింది.

"నువ్వేనా? నిన్ను ఇలా ఎవరు నిలబెట్టారే? పిచ్చిదానా!"

ముల్లంగి ఆకులు అందించాడు. సింహం ఆకుల వంక చూసింది, కత్తి వంక చూసింది. కత్తి ఆయన చేతిలో పెట్టేసింది. చెయ్యి ఖాళీ కాగానే నాలుగు కాళ్ళ మీదికి దిగి, హమ్మయ్య అన్నట్టు వీపు విరుచుకుని, ఆకులు నమలసాగింది. అన్నయ్య వీధి మధ్యలో ఉన్నాడు. పట్టుకోడానికి గోడ లేదు. కత్తి మొన నేలకి ఆనించి, పిడి మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

మైకులో "ఈ సింహం ఎప్పుడూ" అని వినపడింది. ఆ తర్వాత ఏమీ వినపడలేదు.

జనమంతా వెనక్కి తిరిగి చూశారు. ఎవరి నోటి నుంచో "జెండాయన!" అని వచ్చింది. ఇంకెవరో సంతోషం పట్టలేక రెండు చేతులూ ఎత్తారు.

"చప్పట్లు కొట్టకండి," అంది అధ్యక్షురాలు మైకులో, చాలా మెల్లగా. "ఎవరూ కొట్టకండి. దయచేసి."

ఆవిడ ఎన్నో ఉపన్యాసాలు ఇచ్చింది. ఊరంతా మారుమాట లేకుండా విన్నది అదొక్కటే. కాగితాలు అక్కడే వదిలేసి వేదిక దిగింది. సూదమ్మ పక్కనించి వెళుతూ ఆమె వంక చూడనైనా చూడలేదు. మొగుడికి కాస్త దూరంలో ఆగింది. ముట్టుకోవాలని ఉందేమో, చేతులు రెండూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి.

"భోజనం చేశారా?" అంది.

"ఇంకా లేదు. దీనికి పెట్టాక తింటాను."

"రోజూనా?"

"రోజూ. ఇంతవరకూ గేటు దాకానే అనుకో."

వదిన పెదవులు బిగించింది. వెనక్కి తిరగకుండానే అడిగింది. "నీకు తెలుసా సూదమ్మా?"

"తెలుసు వదినా."

"నీకు తెలుసు, గాడిదకి తెలుసు, వీధికి తెలుసు. నాకొక్కదానికే తెలీదు." కళ్ళలోంచి నీళ్ళు జలజలా రాలాయి. తుడుచుకోలేదు. "అంత పరాయిదాన్నయ్యానా అండీ?"

"పరాయితనం కాదు," అన్నాడు అన్నయ్య. "నువ్వు చూస్తుంటే పడిపోతానేమోనని భయం. నా కోసం నువ్వు ఆశపడి ఆశపడి... నీ ముందు మాత్రం పడకూడదనిపించేది."

"ఇప్పుడు చూస్తూనే ఉన్నానుగా."

ఆయన తన కాళ్ళ వంక చూసుకున్నాడు. అప్పటిదాకా ఆ సంగతి తట్టనట్టుంది. "అవును," అన్నాడు. "పడలేదు."

సింహం ఆకులు అయిపోయి ఆయన జేబు వాసన చూస్తోంది. అన్నయ్య తలెత్తి, జనం మీదుగా, మండలి భవనం మీది స్తంభాన్ని చూశాడు. తాడు గాలికి స్తంభానికి తగిలి చప్పుడవుతోంది.

"తాడు వదులుగా కట్టారు," అన్నాడు. "సాయంత్రం ఎవరు దింపుతున్నారు?"

ఆవిడ చెంపలు తుడుచుకుంది.

"మీరే," అంది.

ఆ సాయంత్రం అన్నయ్య కత్తిని ఊతగా పెట్టుకుని వాలు ఎక్కి చౌరస్తాకి వచ్చాడు. ఎంతసేపు పట్టిందో ఎవరూ అడగలేదు. వదిన పక్కనే నడిచింది, చెయ్యి పట్టుకోలేదు. రంగుల తాత, కూరగాయలమ్మి, సూదమ్మ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. జెండా మీద బోడికొండ ఒక్కటే ఉంది. సింహం ఇంకా రాలేదు. కొత్తది కదా, నాలుగు కాళ్ళతో నడవడం మహా సరదాగా ఉన్నట్టుంది, దిగువ వీధంతా రెండోసారి తిరుగుతోంది.

"అది వచ్చేదాకా దింపకూడదు," అని అన్నయ్య తాడు విప్పి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"రేపు బళ్ళో పిల్లలకి ఏమని చెబుతారు?" అన్నాడు తాత సూదమ్మతో. "చేతిలో కత్తి లేదు, నోట్లో ముల్లంగి ఆకు. ఈ సింహం దేనికి గుర్తని?"

"వదిన ఆలోచిస్తుందిలే. ఆ పని ఆవిడది."

ఎవరో లోపలి నుంచి కుర్చీ తెచ్చారు. జెండాయన వెనకాల వేసి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. వదిన గుండె ఆగినంత పనైంది. ఆయన కుర్చీ వంక చూశాడు. తాడు వదలకుండానే, రెండో చేత్తో దాన్ని భార్య వైపు జరిపాడు.

"నువ్వు కూర్చో," అన్నాడు. "పొద్దున్నుంచీ నిలబడే ఉన్నావు."

ఆవిడ కూర్చుంది.